దుప్పటి కింది చెయ్యి

"మళ్ళీ చెప్పు సిస్టర్. ఆ గంటసేపు రావుగారు మంచం దిగలేదని నీకెట్ల తెలుసు?"

ఇస్మత్ ఇదే ప్రశ్న అడగడం మూడోసారి. మొదట నవ్వుతూ జవాబిచ్చిన స్టాఫ్ నర్సు కళ్యాణికి ఈసారి ఒళ్ళు మండింది.

"ఏందండి ఇది! అడిగిందే అడుగుతారు. ఛాతీకి వైర్లు తగిలించి ఉన్న మనిషి మంచం దిగితే మానిటర్ ఊరుకుంటదా? కుయ్యోమని అరిచి ఐసీయూ మొత్తాన్నీ లేపుద్ది. ఆ గంటా గీత నడుస్తానే ఉంది. సీఐ గారికీ ఇదే చెప్పా, సంతకం కూడా పెట్టా. ఇంకేం కావాలి మీకు?"

ఇస్మత్‌కి కావలసింది ఆ సంతకంలో ఒక్క చిల్లు. ఆ చిల్లు దొరక్కపోతే సాయంత్రానికి ట్రాక్టర్ డ్రైవర్ శ్రీను మెజిస్ట్రేట్ ముందు నిలబడతాడు, అక్కణ్ణుంచి నేరుగా జైలుకి పోతాడు.

సంగతేమిటంటే, మంగళవారం మధ్యాహ్నం మూడింటికీ నాలుగింటికీ మధ్య, అడవిని ఆనుకుని ఉన్న ఒక పామాయిల్ తోటలో దూలయ్య అనే ఫారెస్టు వాచర్‌ని ఎవరో గెలలు కోసే కొడవలితో నరికి చంపారు. తోట వెంకటరామారావుది. టేకు దుంగల గొడవలో దూలయ్య తన మీద ఫిర్యాదు చేశాడని, "నిన్ను ఇదే తోటలో పాతిపెడతా" అని ఆయన వారం కిందటే హోటల్ ముందు పదిమంది వింటుండగా అరిచాడు. అందుకే అందరి వేళ్ళూ మొదట ఆయన వైపే చూపించాయి. అయితే ఆ సమయానికి రావుగారు గుండె దడతో ఈ నర్సింగ్‌హోం ఐసీయూలో ఉన్నాడు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే ముందు ఉన్న ఆఖరి ఐసీయూ ఇది. నర్సు సాక్షి, మెషీన్ సాక్షి. దాంతో కేసు జారి జారి రావుగారి ట్రాక్టర్ తోలే శ్రీను నెత్తిన పడింది. శవం పక్కన శ్రీను తుండుగుడ్డ దొరికింది. ఆ వేళకి ఎక్కడున్నావురా అంటే నోరు విప్పడు. తిట్టినా విప్పడు, తన్నినా విప్పడు.

శ్రీను భార్య భద్రమ్మ నిన్న రాత్రి బస్సులో ఖమ్మం వచ్చి ఇస్మత్ కాళ్ళ మీద పడింది. "మా ఆయన కోడిని కొయ్యమంటే మొహం తిప్పుకుంటడమ్మా, మనిషిని ఎట్ల నరుకుతడు?" అంది. ఇస్మత్ విజిటింగ్ కార్డు మీద డిటెక్టివ్ అనే ఉంటుంది గానీ, ఆమెకి ఎక్కువగా వచ్చేవి పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు. పెళ్ళికొడుకు తాగుతాడా, తాగితే ఎంత తాగుతాడు అన్న బాపతు. హత్య కేసు చెయ్యడం ఇదే మొదలు. భయం లేదని కాదు, కుతూహలం భయాన్ని తొక్కేసింది.

"సరే, కోపం చెయ్యకు. ఆ మంచం ఒకసారి చూపించు," అంది ఇస్మత్.

రావుగారి మంచం మూలన ఉంది, చుట్టూ ఆకుపచ్చ తెర. తెర వెనక గోడకి ఒక ఇనుప తలుపు.

"ఇదెక్కడికి పోతది?"

"మాసిన దుప్పట్లు తీసుకుపోయే దారండి. గొళ్ళెం లోపలే ఉంటది. ఎవరూ తియ్యరు."

ఇస్మత్ గొళ్ళెం లాగింది. తలుపు బందులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి, గొళ్ళెం మాత్రం వెన్నలో వేలు పెట్టినట్టు జారింది, చప్పుడే లేదు. వేలికంటిన జిడ్డుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరినూనె. ఇస్మత్ తండ్రి అహ్మద్ పాషా నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాడు. చిన్నప్పుడు ఒకసారి తను గోడ గడియారంలో తలనూనె పోసి ఆయన చేత వీపు విమానం మోత మోగించుకుంది. నూనెల సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మంచం పక్క స్టూలు మీద రావుగారి భార్య సుశీలమ్మ బత్తాయి తొనలు ఒలుస్తోంది. తలకి రాసుకున్న కొబ్బరినూనె చెంపల మీదికి మెరుస్తోంది. దిండుకి ఆనుకున్న రావుగారు ఇస్మత్‌ని ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, పోలీసుల వంతయింది, ఇప్పుడు మీ వంతా? దూలయ్యని పాతిపెడతానన్నాను. అన్నాను! కాదనను. కోపంలో అన్న మాటలకి ఉరి తీస్తే ఈ జిల్లాలో మగాడన్నవాడు మిగలడు."

"శ్రీను చంపిండని మీరు నమ్ముతున్నరా?"

"వాడు నా ఉప్పు తిన్నవాడు. చంపినా చంపకపోయినా లాయర్ని పెట్టేది నేనే."

"మంచి మాట. రావుగారూ, మీ నాడి ఒకసారి పట్టుకోవచ్చా?"

ఆయన నవ్వి చెయ్యి చాపాడు. ఇస్మత్ మణికట్టు మీద వేళ్ళు పెట్టి ఆశ్చర్యపోయింది. ఒకటి కొట్టింది. రెండు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ మూడు గబగబా. వాన మొదలయ్యేటప్పుడు రేకుల మీద పడే చినుకులకి ఎంత వరస ఉంటుందో దీనికీ అంతే వరస ఉంది.

"మా నాయన దుకాణంల పెట్టి ఇప్పి చూడాల్సిన సరుకే," అంది. సుశీలమ్మ మాత్రం నవ్వలేదు.

నర్సుల బల్ల అద్దాల గదిలో ఉంది. అక్కడికొచ్చి ఇస్మత్ కుర్చీ లాక్కుంది. "ఆయన గుండెకేమైంది సిస్టర్? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. జల్దీ లేదు."

పని గురించి అడిగేసరికి కళ్యాణి కోపం చల్లారింది.

"ఏఎఫ్ అంటామండి మేం. గుండెలో పై గదులు సక్కగా కొట్టుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. కింది గదులకి కబురు ఎప్పుడందితే అప్పుడు కొడతాయి. అందుకే వరస ఉండదు. ఇంకో చిత్రం ఏందంటే, గుండె సరిగ్గా నిండకముందే కొట్టిన దెబ్బ చేతిదాకా రాదు. మానిటర్ తొంభై చూపిస్తే చేతికి ఎనభయ్యే అందుతాయి. ఒకరం ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఒకరం చెయ్యి పట్టుకుని, ఒకే నిమిషం ఇద్దరం లెక్కపెడతాం. తేడా పెరిగితే డాక్టర్‌కి చెప్తాం."

"మెషీన్ ఉన్నంక చెయ్యి పట్టుడు దేనికి?"

"మెషీన్‌కి గీత తెలుసు, మనిషి తెలీదు కదండి! చెమట పట్టిందా, కళ్ళు తిరుగుతున్నాయా, మాట తడబడుతోందా, అవన్నీ మనమే చూడాలి. రక్తం గడ్డ కట్టి మెదడుకి పోకుండా మందిస్తాం. ఆ మందుకి చిగుళ్ళలోంచి రక్తం వస్తోందేమో చూడాలి. నాడి మరీ నెమ్మదైతే మాత్ర ఆపి ఫోన్ చెయ్యాలి. ఒక్కోసారి వైరు ఊడినా మెషీన్ గుండె ఆగిపోయిందనే అరుస్తది. అప్పుడు పరిగెత్తి ముందు మనిషిని చూస్తాం, తర్వాతే మెషీన్."

ఇస్మత్ నోరు తెరుచుకుని వింటోంది. వచ్చిన పని కాసేపు మర్చిపోయిందన్నా తప్పు లేదు. అంతలో గుర్తొచ్చి అడిగింది.

"మరి మంగళవారం ఆ గంటల ఆయన చెయ్యి పట్టుకున్నవా?"

"పట్టుకున్నా. ఆ పూట నేను తప్పించలేదు."

"మానిటర్ మీద ఎంతుండె?"

"డెబ్బై నాలుగు."

"చేతికి?"

"డెబ్బై నాలుగే."

ఇస్మత్ కుర్చీ ముందుకి జరిపింది.

"ఇప్పుడే గదా తేడా ఉంటదని పాఠం చెప్పినవ్! మరి రెండూ ఒక్కటెట్లయినయ్?"

"అబద్ధం కాదు మేడం, ఒట్టు! అప్పుడు లయ మారింది. మూడు దాటాక గీత సక్కబడింది. ఇంచుమించు గడియారం లెక్క కొట్టుకుంది. పొద్దుటి నుంచి ఎక్కిస్తున్న మందు పని చేసిందనుకున్నా. సంతోషం పట్టలేక గుండె డాక్టర్ పద్మప్రియ మేడంకి ఫోన్ కూడా చేశా. నాలుగు దాటాక మళ్ళీ పాత పాటే. అట్లా అవుతుంటదిలే అనుకున్నా."

"ఆయన మొహం చూసినవా?"

కళ్యాణి బల్ల మీది కాగితాలు సర్దసాగింది.

"సిస్టర్, నిన్నే."

"ఆ పూట మూడో మంచం ముసలమ్మకి గుండె దౌడు తీసిందండి. నూట ఎనభై. బీపీ పడిపోయింది. డ్యూటీ డాక్టర్, నేను ఇద్దరం అక్కడే. షాక్ ఇచ్చి నిలబెట్టాం. ఆమె కుదుటపడ్డాక ఇటొచ్చా. సుశీలమ్మగారు తెర దగ్గరే ఎదురొచ్చి, 'ఇప్పుడే కన్నంటుకుందమ్మా, లేపకు' అన్నారు. రావుగారు నెత్తి మీదుగా ముసుగు తన్ని పడుకున్నారు. పెద్దాయన ముసుగు లాగితే ఏం బాగుంటది? దుప్పటి కిందికి చెయ్యి పెట్టి మణికట్టు పట్టుకున్నా."

"ఆ చెయ్యి ఎట్లుండె? గరుకా, మెత్తనా?"

"నాడి చూసేటప్పుడు మేం గోడ గడియారం చూస్తాం మేడం, చెయ్యిని కాదు," అంది కళ్యాణి. తను పెట్టిన సంతకం ఎవరి మెడకి చుట్టుకుందో ఆమెకి అప్పుడే తట్టింది.

"భలే! డిటెక్టివ్ మేడం ఇప్పుడు డాక్టరీ కూడా మొదలుపెట్టిండ్రా?"

తలుపులో సీఐ నాగచైతన్య నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్ళ వాడు, చురుకైనవాడు, ఆ చురుకుదనం తనకి బాగా తెలిసినవాడు. ఇస్మత్ జరిగింది చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు, ఆ తర్వాతే నవ్వాడు.

"ఆ ఒక గంట లయ బాగుపడ్డ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. నేనేం గడ్డి తింటున్ననా? డాక్టర్‌ని అడిగిన. మందుతో లయ తిరిగొస్తదంట, మళ్ళీ పోతదంట. రోజూ జరిగేదేనంట. మీరిప్పుడు పెళ్ళికొడుకు సిగరెట్లు లెక్కపెట్టుకోక గుండె దెబ్బలు లెక్కపెడుతున్నరు."

"వెనక తలుపు గొళ్ళేనికి నూనె రాసిండ్రు సీఐ గారు. సుశీలమ్మ తలనూనె."

"నూనె రాసుడు నేరమని ఏ సెక్షన్‌ల ఉందో చెప్పండి, రాసుకుంట. శ్రీను తుండు శవం పక్కన దొరికింది. ఆ గంటల ఎక్కడున్నడో వాడు చెప్పడు. నిప్పు లేనిదే పొగ రాదు. ఇంకేం కావాలె?"

మనిషి పొగరుబోతే గానీ మాట తప్పు కాదు. లయ తిరిగి రావచ్చు, తిరిగి పోవచ్చు. డాక్టరే అన్నాక చిల్లు దొరికిందనుకున్న చోట మళ్ళీ గోడే మిగిలింది.

ఆ ఇద్దరూ వాదించుకుంటుంటే కళ్యాణి బల్ల మీది పెద్ద మానిటర్‌లో వెనక్కి వెళ్తోంది. మూడు రోజుల గీతలు అందులోనే ఉంటాయి. మంగళవారం మధ్యాహ్నం దగ్గర ఆగింది. కళ్ళు చికిలించింది. పొద్దుటి గీత పక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది.

"మేడం, ఇది సన్నగా ఉంది."

"ఏది?"

"గీత. ఆ రోజు ముసలమ్మ హడావుడిలో వరస ఒక్కటే చూశా, ఆకారం చూళ్ళేదు. రావుగారికి పాత అటాక్ వల్ల గుండెలో ఒక పక్క తీగ దెబ్బతింది. ఆయన ప్రతి దెబ్బా ఇదిగో, ఇంత వెడల్పుగా పడుద్ది. మందుతో వరస మారొచ్చు. వెడల్పు ఎందుకు మారుద్ది?"

ఇస్మత్ వంగి చూసింది. పొద్దుటి దెబ్బలు గడపల్లా అడ్డంగా, బండగా ఉన్నాయి. ఆ గంట దెబ్బలు సూదుల్లా ఉన్నాయి. నాలుగు దాటగానే మళ్ళీ గడపలే.

కళ్యాణి ఫోటో తీసి ఖమ్మంలో ఉన్న డాక్టర్ పద్మప్రియకి పంపి ఫోన్ చేసింది, అందరూ వినేటట్టు పెట్టింది.

"కళ్యాణీ, రావుగారిదని ఎవరి ట్రేసింగ్ పంపావు?" అంది డాక్టర్ ఎత్తుకోగానే.

"ఆయనదేనండి. మంగళవారం మీకు ఫోన్ చేశానే, ఆ టైందే."

"ఆ రోజు నువ్వు నోటితో చెప్పావు గానీ నేను చూళ్ళేదు. ఇది ఆయనది కాదు. ఒక్క గంట కోసం ఆ తీగలోని బ్లాక్ మాయమైపోయి మళ్ళీ వచ్చిందంటే నేను నమ్మను. ఇంకోటి చూడు, ప్రతి ఏడెనిమిది దెబ్బలకీ ఒకటి ముందుగా దూకి తర్వాత కాస్త ఆగుతోంది. ఆయనకి అట్లాంటివి ఎప్పుడూ లేవు. వైర్లు ఎవరికి పెట్టారమ్మా?"

సీఐ నవ్వు మాయమైంది. అద్దం తలుపు దగ్గర బత్తాయి వాసన వచ్చింది. సుశీలమ్మ నిలబడి ఉంది.

"డాక్టరమ్మ గొంతు వినబడితే వచ్చాను. మావారికేమన్నా...?"

"ఏం లేదమ్మా, మామూలే," అంది ఇస్మత్.

"శ్రీనుని చూడ్డానికి వెళ్తున్నారా?"

"అవ్. ఇప్పుడే."

సుశీలమ్మ తల ఊపి వెనక్కి వెళ్ళిపోయింది. డ్యూటీ మారే వేళయింది. కళ్యాణి చిన్న ఈసీజీ పెట్టె చంకలో పెట్టుకుని ఇస్మత్ వెంట బయలుదేరింది. సీఐ ఐసీయూ గుమ్మంలో ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టాడు. వెనక తలుపు దగ్గర ఇంకొకణ్ణి పెట్టమని ఇస్మత్ అంది. "ఆ వైర్లు పీకితే మానిటర్ అరుస్తదని మీ సిస్టరే చెప్పింది గదా," అన్నాడతను.

స్టేషన్లో శ్రీను గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి, అరచేతుల నిండా కాయలు.

"గుండె గీతలు పట్టుకుపోతే మెజిస్ట్రేట్ నా మొహం మీదనే నవ్వుతడు," అన్నాడు సీఐ, తనలో తను అనుకున్నట్టు.

"రిమాండ్‌కి ముందు ఎట్లాగూ మెడికల్ చేయించాలె గదా. ఒక ఈసీజీ ఎక్కువ తీస్తే సర్కారుకి ఏం నష్టం?"

"పది నిమిషాలు. ఆ పైన నేనూరుకోను."

కళ్యాణి శ్రీను ఎదురుగా నేల మీదే కూర్చుంది. "భయపడకన్నా," అని అతని మణికట్టు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఈసారి గడియారం వైపు చూడలేదు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఆరు, ఏడు. ఒకటి ముందుకి దూకింది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆమె కళ్ళు తెరిచేసరికి శ్రీను ఆమెనే చూస్తున్నాడు. దొంగ చూపు కాదది. నన్ను గుర్తుపట్టకు తల్లీ అని బతిమాలుకుంటున్న చూపు.

"చొక్కా విప్పన్నా."

అతను రెండు చేతులతో చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

"నేను నర్సునన్నా, సిగ్గెందుకు," అంటూ ఆమే బొత్తాలు తీసింది. ఛాతీ మీద నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చలు, చుట్టూ చిన్న చిన్న దద్దుర్లు. ఈసీజీ బిళ్లల జిగురు కొందరి ఒంటికి పడదు. ఇలాంటి మచ్చలు కళ్యాణి రోజూ చూస్తుంది, రోజూ తుడిచి చోటు మార్చి అంటిస్తుంది.

"ఇవి తోటల దోమలు కుట్టినయని చెప్తవా?" అడిగింది ఇస్మత్. శ్రీను తల దించుకున్నాడు.

కళ్యాణి ఆ మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. చూస్తూ చూస్తూ ఏడుపు గొంతుతో అంది. "తెలియనోళ్ళు అంటించినవి కావు మేడం. సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టారు. రావుగారు బాత్రూంకి పోయినప్పుడల్లా నన్ను పిలుస్తుంటే పని తెమలక, సుశీలమ్మగారికి నేనే నేర్పించా. అలారం ఆపే బటన్ నొక్కాలి, వైర్లు తియ్యాలి, రాగానే ఏ రంగు ఏ చోట తగిలించాలి, అన్నీ. ప్రతి పేషెంటు వాళ్ళకీ నేర్పిస్తాం. మంచికే కదా నేర్పేది!"

కళ్యాణి కళ్ళు తుడుచుకుని పెట్టె తెరిచింది. వైర్లు తగిలించింది. కాగితం మెల్లగా బయటికొచ్చింది. సూదుల్లాంటి దెబ్బలు, వరసగా. ఎనిమిదో దెబ్బ ముందుకి దూకి ఆగింది.

సీఐ ఆ కాగితం అందుకుని ఫోన్‌లోని ఫోటో పక్కన పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. అతను మూర్ఖుడు కాదు, అదొక్కటి ఒప్పుకోవాలి.

"ఛాతీకి వైర్లు పెట్టాలంటే చొక్కా, తుండు తియ్యాలె," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "ఆ తుండు నెత్తికి చుట్టుకుని ఇంకొకడు బయటికి పోయిండు."

"తోట ఇక్కడికి బండి మీద పావుగంట," అంది ఇస్మత్. "రావుగారు మంచంలో ఉన్నడని చెప్పిన గుండె శ్రీనుది. అంటే ఆ గంటల శ్రీను ఎక్కడున్నడో మీ దగ్గర మెషీన్ సాక్ష్యమే ఉంది సీఐ గారు. కంచే చేను మేసింది. ఉప్పు పెట్టిన చెయ్యే ఉరితాడు పేనింది."

సీఐ శ్రీను ముందు కూర్చున్నాడు. "అరే శ్రీనూ, రావుగారు నిన్ను ఏమని పండబెట్టిండు? ఎందుకు చెప్పలే ఇన్ని దినాలు? దెబ్బలు తినుకుంట కూడా?"

శ్రీను నోరు తెరవలేదు. ఇస్మత్ అతని మొహంలోకి చూసి అడిగింది. "ఒట్టేసినవా బిడ్డా? రామయ్య మీదనా?"

అంతే. ఆ రెండు కళ్ళూ నిండిపోయాయి. భద్రాద్రి రామయ్య మీద ఒట్టేసి మాట తప్పితే ఇంట్లో దీపం ఆరిపోతుందని ఈ వైపు జనం నమ్ముతారు. కోర్టుల్లో అబద్ధం ఆడగలిగినవాడు కూడా ఆ ఒట్టు దగ్గర ఆగిపోతాడు. రావుగారు ఈ వైపు ఎప్పుడో వచ్చి స్థిరపడ్డాడు. ఈ మనుషుల్ని ఏ ముడితో కట్టెయ్యాలో ఆయనకి తెలుసు.

"నేను చెప్పలే సార్," అన్నాడు శ్రీను. పట్టుకున్నప్పటి నుంచి అతని గొంతు విన్నది అదే మొదలు. "మీరంతా చూస్తున్నరు గదా. నేనేం చెప్పలే. ఒక్క మాట చెప్పలే. రామయ్యకి మీరే సాక్షి చెప్పాలె."

"అవ్, నువ్వేం చెప్పలే," అంది ఇస్మత్. ఇంత మంచివాణ్ణి పట్టుకుని ఇంత పని చేశారా, దొంగ సచ్చినోళ్ళు! కళ్యాణి మళ్ళీ అతని చెయ్యి పట్టుకుంది.

సీఐ లేచి ఐసీయూ గుమ్మంలోని కానిస్టేబుల్‌కి ఫోన్ కలిపాడు. "రావుగారేం చేస్తున్నడు?"

"పండుకున్నడు సార్. మీరు పోయిన కాన్నుంచి ముసుగు తన్ని పండుకున్నడు. మానిటర్ మంచిగనే నడుస్తుంది."

"భార్య ఏది?"

"కనబడ్తలేదు సార్. క్యాంటీన్ల ఉన్నదేమో."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దుప్పటి తియ్," అన్నాడు సీఐ. "తియ్ అంటున్న గదా!"

అవతల అడుగుల చప్పుడు, తెర లాగిన చప్పుడు, ఆ తర్వాత కానిస్టేబుల్ తడబాటు. "సార్... అమ్మగారు సార్. సుశీలమ్మగారే పండుకుని ఉన్నరు. వైర్లన్నీ ఆమెకే ఉన్నయ్."

సీఐ బూతు మాట ఒకటి మింగేసి బెల్టు సర్దుకున్నాడు. ఫోన్‌లో ఆడ గొంతు వినిపించింది. కంగారు లేదు, వణుకు లేదు. ఇస్మత్‌కి ఇమ్మని అడిగింది.

"శ్రీను చెప్పేశాడామ్మా?" అంది సుశీలమ్మ.

"లేదు. ఒక్క మాట కూడా చెప్పలే. మాకు వేరే తీరుగ తెలిసింది."

అవతల మానిటర్ వరసగా కొడుతోంది.

"అయ్యో," అంది సుశీలమ్మ. ఆ అయ్యో నిజమైనదే. "మీరు వాణ్ణి కదిపితే చెప్పేస్తాడనుకున్నాం. భద్రమ్మ మన చేతిలో ఉంటే నోరు మూసుకుంటాడని ఆయన వాళ్ళింటికి బయలుదేరారు. ఈపాటికి చేరే ఉంటారు."

ఇస్మత్ చేతిలో ఫోన్ చల్లబడిపోయింది. పొద్దున భద్రమ్మని ఊరి బస్సెక్కిస్తూ, నేనొచ్చేదాకా ఇల్లు కదలొద్దు, ఎవరింటికీ పోవద్దు అని మరీ మరీ చెప్పి పంపింది తనే.